పంబ మోతలో మాట: పల్నాటి పాటకు రాజకీయార్థం చెప్పడం గురించి



పల్నాటి వీరచరిత్రను 1911లో అచ్చు వేయించి తెలుగు పాఠకుల చేతిలో పెట్టిన అక్కిరాజు ఉమాకాంతం గారిని తలచుకోకుండా పల్నాట నిలబడి ఈ కథ గురించి మాట్లాడడం మర్యాద కాదు. ఆయనే 1928లో ‘నేటికాలపు కవిత్వం’ వెలువరించి భావకవులను నిర్మొహమాటంగా నిలదీశారు. ఊళ్ళలో పాటగా బతుకుతున్న కథకు పండితుల పక్కన పీట వేసినవారూ ఆయనే, కవి రాసిన మాటకు లెక్క చెప్పమని అడిగినవారూ ఆయనే. ఆ రెండు గుణాలూ కావలసిన ప్రశ్న ఒకటి ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఒక పాట తన పక్షమేదో తేల్చి చెప్పనప్పుడు, అందులో ఫలానా రాజకీయం ఉందని మనం ఏ ఆధారంతో అనవచ్చు? కులాన్ని ధిక్కరించిన పాట అని ఒకరు, దొరల పాట అని ఒకరు, ఆడదాని అధికారాన్ని ఓర్వలేని పాట అని ఇంకొకరు ఒకే పల్నాటి కథను చూపిస్తున్నప్పుడు ఎవరి మాట నమ్మాలి?

ముందు ఆ పాట ఎలా వినపడేదో చూడాలి. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధుల వర్ణన మధ్య ఒక ఘట్టం ఉంది. ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ, ద్రుతతాళంలో, పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంది. ఆమె పలికే ఒక్కొక్క అక్షరానికీ చుట్టూ చేరిన కుర్రవాళ్ళు కేకలు పెట్టి తూలిపోతుంటారు. కవి అక్కడ కథ ఏమిటో చెప్పడు. వాద్యపు దెబ్బను, లయను, ఊగిపోతున్న ఒళ్ళను చూపిస్తాడు. ఆ గుంపుకు శబ్దం ముందు చేరింది, అర్థం వెనక వచ్చింది. ఈనాడు మెటల్ అని పిలిచే సంగీతాన్ని విని తలలు ఊపే కుర్రకారుకూ ఈ గుంపుకూ మధ్య ఆరు శతాబ్దాల దూరం ఉన్నా, జరిగే పని ఒకటే. యుద్ధం, చావు, నెత్తురు, ప్రతీకారం అనే ముడిసరుకు రెండిట్లోనూ ఉంది. మోత మాటను మింగేస్తుంది. మింగగా మిగిలిన మాటకు తలా ఒక అర్థం పుడుతుంది.

మెటల్ పాటల మీద జరిగిన తగవు మనకు పనికివస్తుంది కనుక రెండు సంగతులు చెప్పి వెనక్కి వస్తాను. అమెరికాకు చెందిన స్లేయర్ బృందం 1986లో ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ అనే పాట తెచ్చింది. ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీల మీద ఘోరమైన ప్రయోగాలు చేసిన డాక్టర్ మెంగెలే గురించిన పాట అది. అందులో వర్ణన ఉంది, మందలింపు లేదు. ఆ పాట ఉన్న ఆల్బమ్‌ను పంపిణీ చేయవలసిన కొలంబియా కంపెనీ వెనక్కు తగ్గింది, బృందానికి నాజీల అభిమానులన్న పేరు అంటుకుంది. పాట రాసిన జెఫ్ హానెమన్ మాత్రం, వాడు దుర్మార్గుడని వేరే చెప్పాలా అన్నాడు. రెండోది జర్మనీ బృందం రామ్‌స్టైన్ సంగతి. 1998లో ఒక పాట వీడియోలో నాజీల కాలపు దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ఒలింపిక్ చిత్రపు దృశ్యాలు వాడుకున్నందుకు ఆ బృందాన్ని మితవాదులన్నారు. వాళ్ళు 2001లో ‘లింక్స్ 2 3 4’ అనే పాటతో జవాబిచ్చారు. సైనికులు కవాతులో లెక్కపెట్టే ఎడమ అడుగే దాని పేరు. మాట ఎడమవైపు ఉంది, బాణీ కవాతుది. విన్నవాళ్ళలో కొందరు మాటను పట్టుకున్నారు, కొందరు కవాతును పట్టుకున్నారు. ఈ రెండు తగవుల్లోనూ నాకు కనిపించేది ఒకటే. అభియోగం తెచ్చినవాళ్ళు ఒక ముక్కను పాట నుంచి కోసి పట్టుకున్నారు, సమర్థించినవాళ్ళు కవి ఉద్దేశాన్ని పట్టుకున్నారు. మొత్తం పాట ఏం చేస్తోంది, ఎక్కడ ఎవరు ఎవరి ఎదుట పాడుతున్నారు అన్నది ఇద్దరికీ పట్టలేదు.

పల్నాటి కథ దగ్గర కవి ఉద్దేశమనే ఊతకర్ర అసలే లేదు. శ్రీనాథుడి పేరున ఉన్న మంజరీద్విపదలో మనకు దక్కినది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధభాగం. మిగిలిన కథకు ముదిగొండ వీరభద్రకవి వంటివారి రచనలూ, ఈ కథను పాడే వీరవిద్యావంతుల నోటి పాటా దిక్కు. ఆ మంజరీద్విపద శ్రీనాథుడి చేతి రచనేనా అని కూడా పండితులు వాదించుకున్నారు. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించిన చాటువులూ ఆయన పేరునే ఉన్నాయి, పల్నాటి వీరులను దేవుళ్ళుగా నిలిపిన కావ్యమూ ఆయన పేరునే ఉంది! ఉద్దేశాన్ని అడగడానికి ఒక్క మనిషి దొరకడు. జీన్ రోఘేర్ అనే అమెరికా పండితుడు అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించాడు. ఆ పాఠం కావ్యం కన్నా ఎంతో పెద్దది, పురాణకాలపు పుట్టుకల నుంచి మొదలవుతుంది. అంటే రాజకీయం వెతికేవాడు ఏ పాఠంలో వెతుకుతున్నాడో మొదట చెప్పి తీరాలి.

ఈ కథను పల్నాటి భారతం అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. జూదానికి బదులు కోడిపందెం, ఓడినవాళ్ళకు ఏడేళ్ళ పరదేశవాసం, ఆ తర్వాత రాయబారం, కుర్రవాడు అభిమన్యుడిలా రణంలో పడిపోవడం, అంతటికీ కార్యమపూడి (ఇప్పటి కారంపూడి) నేల కురుక్షేత్రం కావడం. విన్నవాడి మనసులో భారతం ముందే ఉంది కనుక, మాచర్ల పక్షం పాండవులనీ గురజాల పక్షం కౌరవులనీ తీర్పు పాట మొదలు కాకముందే అయిపోతుంది. ఈ తీర్పును రాజకీయ సాక్ష్యంగా తీసుకోకూడదని నా వాదం. అది అచ్చులో పోసిన భాగం. సాక్ష్యం కావాలంటే అచ్చు ఎక్కడ తప్పిందో అక్కడ వెతకాలి. భారతంలో లేనిదేదో, భారతం తలకిందులైనదేదో అక్కడే ఈ నేల తన సొంత మాట చెబుతోంది. అలాంటి చోట్లు నాకు మొదట నాలుగు కనిపిస్తాయి. శకుని ఉండవలసిన చోట ఒక స్త్రీ, గురజాల పక్షపు నాగమ్మ, ఉంది. పాండవుల పక్షానికి పెద్ద ఒక రాజు కాదు, మంత్రి బ్రహ్మనాయుడు. ఆ మంత్రి కొడుకుగా చెప్పుకున్న మాల కన్నమదాసు సేనలో ముందు నిలిచాడు. కులాలన్నీ ఒక చాప చుట్టూ కూర్చుని తిన్నాయి.

చాపకూడు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రాజకీయార్థాలు అన్నిటికన్నా ఎక్కువగా ముసురుకున్నది దాని చుట్టూనే. చాప పరుస్తారు, దానిమీద అన్నం రాశిగా పోస్తారు, కులం అడగకుండా చుట్టూ కూర్చుని తింటారు. చూడడానికి ఇంతే. దీనికి మూడు అర్థాలు చెప్పవచ్చు. ఇరవయ్యో శతాబ్దపు పాఠకుడు అంటరానితనం మీద తిరుగుబాటు అంటాడు. సైన్యం సంగతి తెలిసినవాడు, రేపు పక్కపక్కన నిలబడి చావవలసినవాళ్ళను ఇవాళ పక్కపక్కన కూర్చోబెట్టి తినిపించడం సేనాపతి తెలివి అంటాడు. బ్రాహ్మణుడైన అనపోతు మొదలుకొని వేర్వేరు కులాల సావాసగాళ్ళు బాలచంద్రుడి వెంట తమ్ముళ్ళుగా నడిచారన్నది అతనికి సాక్ష్యం. ఆలయమర్యాద తెలిసినవాడు, మాచర్ల చెన్నకేశవుడి ప్రసాదానికి కులం లేదు, పూరీ జగన్నాథుడి మహాప్రసాదానికీ లేదు, ఇది వైష్ణవాచారం అంటాడు. మూడింటికీ కథలో చోటుంది. అయితే మూడూ సమానమైన బరువున్నవి కావు. చాపకూడు కథలో ఒంటరిగా వస్తే మూడో అర్థంతో సరిపెట్టుకోవచ్చు. కాని దాని పక్కనే కన్నమదాసు ఉన్నాడు. ప్రసాదం అందరికీ పెట్టిన గుళ్ళు చాలా ఉన్నాయి. మాలను కొడుకన్న మంత్రి కథలు ఎన్ని ఉన్నాయి? కాబట్టి పంక్తిని కలపడం ఈ పాటలో తెలిసి చేసిన పని అని ధైర్యంగా అనవచ్చు. అంతకు మించి అనడానికి పాట ఒప్పుకోదు. పంక్తి కలిసింది గాని పొలాలు పంచుకున్న ఊసు లేదు. కన్నమదాసుకు గౌరవం దక్కింది, ఆ గౌరవానికి అతడు ప్రాణంతో బదులిచ్చే విధేయత చూపాడు. సంస్కరణ అన్న మాట వాడదలచినవాడు ఈ రెండో సగాన్ని మింగేయకూడదు.

ఇక్కడే ఒక తేలిక సమీకరణాన్ని కూడా పక్కన పెట్టాలి. బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శైవురాలు, కనుక ఇది వైష్ణవపు సమతకూ శైవపు సంప్రదాయానికీ జరిగిన పోరు అని తరచు వింటాం. పల్నాటి యుద్ధం జరిగింది 1182 ప్రాంతంలో అంటారు. దానికి రెండు దశాబ్దాలైనా ముందుగానే పడమటి కల్యాణంలో బసవేశ్వరుడు శివుడి పేరుతోనే కులాన్ని ఎదిరించాడు. ఆ శతాబ్దంలో కులం మీద గట్టి దెబ్బ శైవం వైపు నుంచి పడింది. అంటే మతం పేరు చూసి రాజకీయం ఊహించే దారి ఈ కథకు పనికిరాదు. పాటలోని చీటీలు వేరు, పాటలోని పనులు వేరు. స్లేయర్ పాటలో పేరు చూసి భయపడినవాళ్ళు చేసిన పొరపాటు ఇదే.

నాగమ్మ సంగతి మరీ చిక్కు. కావ్యం ఆమెను కుట్రదారుగానే చూపిస్తుంది, పాట కూడా చాలాచోట్ల అదే పని చేస్తుంది. అయినా ఆమెకు ఇచ్చిన పనులు చూడండి. జిట్టగామాలపాడు అనే పల్లె నుంచి వచ్చిన విధవ, ఒక రాజ్యపు మంత్రాంగం చేతిలోకి తీసుకుంది. సభలో వాదించింది, పందెం ఒడ్డింది, యుద్ధం నడిపింది. ఇంత చేయగలదని ఒప్పుకోకుండా ఆమెను తిట్టడం పాటకు సాధ్యం కాలేదు. తిట్టు పాడినవాడిది, సామర్థ్యం పాటది. వెల్చేరు నారాయణరావు గారు 1986లో తెలుగు వీరగాథల మీద రాసిన వ్యాసంలో, భూమి మీద బతికే కులాల గాథలు మగవాడి శౌర్యం చుట్టూ తిరుగుతాయనీ, వర్తక కులాల గాథల్లో స్త్రీయే కేంద్రమవుతుందనీ చూపించారు. ఆ వెలుగులో చూస్తే భూమి గాథలో స్త్రీకి అధికారం దొరకగానే ఆమె ప్రతినాయిక అయిపోవడం మనకు అర్థమవుతుంది. కాని కథ ముగింపు ఆ తీర్పును పూర్తిగా నిలబడనివ్వదు. యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు నాగమ్మను చంపడు. విడిచిపెట్టి గుత్తికొండ బిలానికి వెళ్ళిపోతాడు. గురజాల రాజు నలగామరాజు ప్రాణంతో మిగులుతాడు. కౌరవులు మిగిలి ఉన్న భారతం ఇది. గెలుపు దక్కవలసినవాడు రాజ్యం ఏలకుండా గుహలోకి నడిచిపోయాడు. ఇంతకన్నా పెద్దగా భారతపు అచ్చు ఎక్కడా పగలలేదు. రెండు పక్షాలూ చితికిపోయాక కాకతీయుల బలం తీరం వైపు పెరిగింది. ఎవరు గెలిచారో పాట చెప్పకపోవడం పాటకు తెలియక కాదు, నేల మీద అదే జరిగింది కనుక.

పాట లోపలి సాక్ష్యం ఇంతవరకు. పాట బయటి సాక్ష్యం కారంపూడిలో, నాగులేటి ఒడ్డున ఉంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆ వరసను కథ పక్కన పెట్టి చూడండి. కథలో ముందు కోడిపోరు, ఆ తర్వాత పరదేశంలో మందపోరు, చివర రాయబారం. ఉత్సవంలో ఈ మూడూ వెనక నుంచి ముందుకు నడుస్తాయి. రాయబారం విఫలమైందని మొదలుపెట్టి, పశువుల మందమీద పడ్డారని చెప్పి, అసలు పందెం దగ్గరికి చేరి, పందెం మర్నాడే, కల్లిపాడు రోజున, శవాల నేలకు తీసుకుపోతాయి. ఈ వరస ఎవరు ఎందుకు పెట్టారో వెతకనక్కరలేదు. దాని ఫలితం కళ్ళకు కనబడుతుంది. రణభూమి పక్కన నిలబడినవాడికి అంతకుముందు రోజు గుర్తుకొచ్చేది కోడికాలి కత్తి. ఇంత ప్రాణనష్టానికి మూలం ఎంత చిన్నదో ఉత్సవం వరసతోనే చెబుతోంది. మందపోరు రోజున చాపకూడు పెడతారు. మూడు అర్థాల్లో ఏది సరైనదని వాదించుకుంటున్న మనకన్నా ఆ చాప దగ్గర కూర్చున్నవారు ముందున్నారు. ఆ పంక్తిలో కూర్చోవడమే వారు చెప్పే అర్థం.

పాడేది ఎవరన్నది ఇంకా ముఖ్యం. వీరవిద్యావంతులు సంప్రదాయంగా మాలలు. వీరుల గుడి ముందు మాల గాయకుడు కత్తి పట్టి, పంబ మోగుతుండగా, కన్నమదాసు పేరు ఎత్తినప్పుడు ఆ పేరుకు కలిగే బలం కావ్యంలో అదే పేరుకు లేదు. కావ్యంలో కన్నమదాసు ఒకరు పొగిడిన బంటు. కారంపూడిలో అతడు పాడేవాడి పూర్వీకుడు. అక్షరాలు అవే ఉండవచ్చు, మాట్లాడే నోరు మారింది. దళిత పాఠకులు కన్నమదాసును తమ వీరుడిగా చెప్పుకోవడం ఈ మధ్య బయటి నుంచి తెచ్చి అతికించిన అర్థం అని విసుక్కునేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలని నా మనవి. పాటను తరతరాలుగా మోసినవాళ్ళ ఇంటి అర్థాన్నే వాళ్ళు రాతలో పెడుతున్నారు.

సినిమా ఈ పాటకు మరో నోరు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ తీసినవాడు, మరుసటి ఏడు ‘రైతుబిడ్డ’ తీసినవాడు. ఆయన మొదలుపెట్టిన ‘పల్నాటి యుద్ధం’ ఆయన మరణించాక ఎల్.వి. ప్రసాద్ చేతిలో పూర్తయి 1947లో విడుదలైంది. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. మొదలుపెట్టిన రామబ్రహ్మాన్ని, ఆ సంవత్సరాన్ని చూస్తే ఆ చిత్రంలో సంస్కరణ వినిపించడంలో వింత లేదు. 1966లో అదే పేరుతో వచ్చిన చిత్రంలో బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు, నాగమ్మ భానుమతి. ఈ రోజుల్లో ఎన్నికల గొడవ జరిగితే మరో పల్నాటి యుద్ధం అని పత్రికలు శీర్షిక పెడతాయి. మొదటి చిత్రం పాటలో ఉన్న ఒక మాటను పెంచి చూపిన వ్యాఖ్యానం. పత్రికల శీర్షిక వ్యాఖ్యానం కూడా కాదు. పల్నాడంటే కొట్లాట అని ముందే అనుకుని పాట పేరును అరువు తెచ్చుకోవడం. చాపకూడునూ గుత్తికొండనూ వదిలేసి కత్తిని మాత్రమే తీసుకున్న వాడకం అది. 2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన మన జిల్లా పేరు మీద ఆ ముద్ర పడడం నాకు బాధ కలిగిస్తుంది.

నా వాదానికి రెండు అభ్యంతరాలు వస్తాయి. పాడే నోటిని బట్టి, చోటును బట్టి అర్థం మారుతుందంటే ఇక ఎవరికి తోచింది వారు చెప్పవచ్చు కదా అన్నది మొదటిది. చెప్పలేరు. బ్రహ్మనాయుడు కులం లేని రాజ్యం స్థాపించాడని ఎవరైనా అంటే, ఆయన రాజ్యమే ఏలలేదని కథ అడ్డు తగులుతుంది. నాగమ్మ కేవలం చెడ్డదని అంటే, ఆమెను ప్రాణంతో వదిలిన ముగింపు అడ్డు తగులుతుంది. ఇది కేవలం దొరల పొగడ్త అంటే, పాడుతున్న విద్యావంతుడే అడ్డు తగులుతాడు. అర్థాలు చాలా ఉండవచ్చు, అన్నీ నిలవవు. నిలిచేది మొత్తం కథ బరువు మోయగలగాలి, పాడేవాడి ఎదుట చెప్పగలగాలి. ‘పాటలో ఇది ఉంది’ అనడానికీ, ‘మా కాలానికి పాట ఇలా పనికొస్తోంది’ అనడానికీ మధ్య గీత గీసుకోవాలి. రెండోది నేరం కాదు. రెండోదాన్ని మొదటిదిగా చలామణి చేయడం మాత్రం పాఠకుడికి చేసే మోసం.

రెండో అభ్యంతరం దీనికి తలకిందులు. వీరులు దేవుళ్ళు, ఉత్సవం భక్తి, అందులోకి రాజకీయం ఎందుకు లాగుతారు అంటారు. భక్తిని గౌరవిస్తూనే చెబుతున్నాను. రాజ్యం రెండుగా చీలడం, మంత్రిపదవి, రాయబారి హత్య, ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్నది, ఇవన్నీ తీసేస్తే ఈ కథలో మిగిలేది ఏమీ లేదు. అలరాజు రాయబారానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అది రాజకీయం కాకపోతే మరేమిటి? పక్షం తేల్చి చెప్పకపోవడం వల్ల పాటకు రాజకీయం లేకుండా పోదు. మన నేల మీదే 1922లో పుల్లరి సత్యాగ్రహంలో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు మీద కట్టిన పాటలకు శత్రువు ఎవరో స్పష్టంగా తెలుసు. అందుకే వాటిని అర్థం చేసుకోవడం సులువు. పల్నాటి వీరగాథలో శత్రువు సొంత అన్నదమ్ములు, సొంత ఊరివాళ్ళు. మాచర్ల నుంచి గురజాల ఎంత దూరం? అలాంటి యుద్ధం గురించి పాడే పాట ఒక పక్షం ఊళ్ళో వినిపించి ఇంకో పక్షం ఊళ్ళో నోరు మూసుకుంటే ఎనిమిది వందల ఏళ్ళు బతికేది కాదు. దాని అస్పష్టత రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే గుడి ముందు కూర్చుని వినగలగడానికి అది చెల్లించిన ధర.

ఒక కొరతతో ముగిస్తాను. ఈ పాట అర్థం గురించి పండితులను అడిగాం, సినిమావాళ్ళను అడిగాం, నాయకులు అడగకుండానే చెప్పారు. పాడేవాళ్ళను అడిగింది చాలా తక్కువ. విద్యావంతుల్లో ఈ కథ పూర్తిగా వచ్చినవారు తగ్గిపోతున్నారు. కళాశాలల తెలుగు శాఖలు, గ్రంథాలయాలు, ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులు, విద్యార్థులు వచ్చే కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్ళండి. ఒక ఘట్టం విని లేచిరాకుండా అయిదు రోజులూ కూర్చోండి. పాడినంతా రికార్డు చేయండి, పాడినవారి పేరూ ఊరూ ఆ రికార్డు మీద రాయండి. వారి అనుమతి తీసుకోండి, వారికి దక్కవలసిన డబ్బు ఇవ్వండి. ఆ తర్వాత, ఈ పాటలో ఏముందని మీరనుకుంటున్నారని మొదట వారినే అడగండి.